జారిన చోట

అల్లికుళం సందులో, నోరు పడిపోయిన రేడియోల మధ్య
ఖాదర్ మొహిదీన్ కొట్టు.
నూట ఇరవై అడిగి ఎనభైకి ఇచ్చాడు.
లేబుల్ మీద చెదలు తిన్నంత తినగా
మిగిలింది ఒక అంకె, ఒక ఊరి పేరులో సగం.
పాట కట్టినవాడి పేరుండాల్సిన చోట
‘సంప్రదాయం’ అని ఫ్రెంచిలో ఒక్క మాట.
ఊరూ పేరూ లేనివాళ్లందరికీ
కంపెనీవాళ్లు ఉమ్మడిగా పెట్టే ఇంటిపేరది.

బళ్లలో తిరిగే మనుషులు వాయించిన జాజ్.
ఒక ఫిడేలు, మూడు గిటార్లు. డ్రమ్ము లేదు.
తాళం బరువంతా గిటార్లే మోశాయి,
పెరంబూరు గేటు దాటే గూడ్సుబండిలా.
రెండో చుట్టులో, పై షడ్జానికి ఎక్కుతూ
ఫిడేలు కాలు జారుతుంది.
ఒక్క స్వరం. ఇంకో మెట్టుందనుకుని
చీకట్లో అడుగేసినట్టు.
వెనక ఎవరో నవ్వుతారు. ఆ నవ్వూ అచ్చయింది.

ట్రిప్లికేన్‌లో వరదయ్య మేష్టారు
కళ్లు మూసుకుని విని
“సింహేంద్రమధ్యమం. మనదే” అన్నారు.
అంత తేలిగ్గా మనదైపోతే నాకు నిద్ర పట్టలేదు.
ఆ స్వరాలు ఎవరింట్లోనైనా ఉంటాయి,
ఉప్పూ చింతపండూ ఉన్నట్టు.

కోడంబాకం రికార్డింగుల్లో వాయించిన ఆరోగ్యసామి
“దీన్ని మేం ఒకసారి ఎత్తేశాం సార్,
హీరోయిన్ పడవ దిగే సీనుకి” అన్నాడు.
ఎక్కణ్ణించి?
“ఇంకెవరో ఎత్తినదాంట్లోంచి.”

నక్కలవాళ్లని అడగమని ఒకడి సలహా:
వాళ్లూ జిప్సీలే కదా, చుట్టాలై ఉంటారు అని.
ఆ బుద్ధితక్కువ పనీ చేశాను.
తిరువాన్మియూరు బస్టాండు వెనక పూసలు గుచ్చుతున్నామె
ఫోనులో పాట ఆసాంతం విని
“బాగుంది. దండ కొంటావా?” అంది.
కొన్నాను.

ఆఖరికి పెరంబూరులో డోరీన్ రోజారియో, ఎనభై ఒకటి,
మెట్ల మీదే కూర్చోబెట్టింది. లోపల కుక్క ఈనిందట.
వాళ్ల నాన్న లోకో షెడ్డులో ఫిట్టరు,
శనివారాలు మౌంట్ రోడ్డు హోటల్లో గిటారు.
ఈ రికార్డు వినే నేర్చాడు.
అది జారిన చోట తనూ జారేవాడు,
నవ్వు దగ్గర తనూ నవ్వేవాడు,
అదీ పాటలో భాగమే అనుకున్నాడు పాపం.
“బ్యాండు మొత్తం జారేది” అంది.

పాటకి పుట్టుమచ్చ ఆ తప్పే.
అది ఉన్నవాళ్లంతా ఈ రికార్డు పిల్లలు.

“మా ఆయా కూడా పాడేది” అంది డోరీన్,
వంగి చెప్పు సర్దుకుంటూ.
నాయుడుపేట మనిషి, చెంచమ్మ.
మాటలు గుర్తులేవు, ‘బుజ్జి’ అని ఏదో వచ్చేదట.
కూనిరాగం తీసింది. మొదటి చుట్టు.
రెండో చుట్టులో ఆ మెట్టు దగ్గర
ఊపిరి బిగబట్టాను.

జారలేదు.
నున్నగా ఎక్కి, పైన కాసేపు కూర్చుని, దిగింది.
మూడుసార్లు పాడించాను. మూడుసార్లూ జారలేదు.

అంటే, రికార్డుకంటే ముందే తెలుసా చెంచమ్మకి?
ఏ ఓడలో, ఏ సర్కసు గుడారంలో,
ఎవరి పెదాల మీద నాయుడుపేట చేరింది?
చేరిందా, బయల్దేరిందా?
ఇరవై తొమ్మిది సి బస్సులో
నా నోటుబుక్కులో ‘మూలం’ అన్న గడిలో
చెంచమ్మ, అని రాసేశాను.

పురసవాక్కం దగ్గర బస్సు ఆగినప్పుడు
ఇంకోటి తోచింది.
శనివారాల కోసం దొరగారు చేసే సాధన విని విని,
తప్పు తప్పని తెలిసి,
ఎవరికీ చెప్పకుండా
పిల్లని నిద్రపుచ్చేటప్పుడు సరిచేసిందేమో,
హడావిడిలో వాళ్లు తప్పు కాజాలో పెట్టిన గౌను గుండీ
విప్పి మళ్లీ పెట్టినట్టు.

పేరు పక్కన ప్రశ్నార్థకం పెట్టాను.
కొట్టేశాను.
మళ్లీ పెట్టాను, చిన్నది.